సూరతు బజారు, ఛాయాచిత్రపు వెల

సూరతు వెలలు తెలిసిన నగరం. తాపీనది సముద్రంలో కలియబోయే చోట, మొగలు చక్రవర్తుల కాలంలో, అది పశ్చిమ తీరానికి సింహద్వారంగా ఉండినది. మక్కా యాత్రికుల ఓడలు అక్కడినుండియే బయలుదేరినవి. ఇంగ్లీషు కంపెనీవారు 1613లో అక్కడ కోఠీ నెలకొల్పుకొన్నారు. డచ్చివారును ఫ్రెంచివారును వారి వెనుక వచ్చినారు. నీలిమందు, నూలుబట్ట, పట్టు, ముత్యాలు, రత్నాలు, ఏ సరకైనను దళారి చేయి తాకకుండ అక్కడ యజమాని మారలేదు. వీర్జీ వోరా వంటి షాహుకారు రేవుకు వచ్చిన మిరియాలను మొత్తంగా కొని పెట్టుకొని, కంపెనీవారికే తాను చెప్పిన వెలకు అమ్మగలిగిన రోజులవి.

అటువంటి బజారులో వెల అనేది పైకి పలికే మాట కాదు. సూరతులో దిగి దేశమంతయు తిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, 1676లో అచ్చైన తన యాత్రాగ్రంథంలో, ఒక బేరాన్ని వర్ణించినాడు. ఆ బేరం జరిగినది తెలుగునాటి వజ్రపు గనివద్ద. ఆ చోటు కర్నూలు ప్రాంతపు రామళ్లకోట అని పండితులు గుర్తించినారు. కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు నడికట్టు విప్పి దాని చాటున ఇద్దరి చేతులు కలుపుతారు. చేతిని మొత్తంగా పట్టుకొంటే వెయ్యి. ఒక్క వ్రేలు పట్టుకొంటే నూరు. నడిమి కణుపు వరకే పట్టుకొంటే యాభై. కొన మాత్రమే అయితే పది. నోట మాట లేదు, కంట సైగ లేదు. పదిమంది చుట్టు నిలిచియున్నను ఒక్కరికిని వెల తెలియదు. వజ్రాలకు సానపట్టే పని నేడు లోకంలో అన్నిటికంటె ఎక్కువగా జరిగే చోటు సూరతే కావడం వలన ఈ వర్ణనకు ఇంకొక రుచి వచ్చినది.

ఐతే ఆ చాటుబేరానికి ఒక సౌకర్యం ఉన్నది. బేరమాడే వస్తువు ఎదుట ఉన్నది. దాని బరువు, నీరు, మచ్చ ఇద్దరికిని తెలుసు. వస్తువు ఇంకను పుట్టకముందే దాని వెల తేల్చుకొనవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. సూరతు పరిసరాల నేతగాడు అట్టి స్థితిలోనే ఉండినాడు. వర్తకుడు ముందుగా బయానా ఇచ్చేవాడు. ఆ డబ్బుతో నూలు కొని, ఆ డబ్బుతోనే ఇల్లు గడుపుకొని, నేతగాడు బట్ట నేసి ఇచ్చేవాడు. బయానా ఎవరు ఇచ్చినారో వెల వారిదే. కంపెనీవారు 1759లో సూరతు కోటను, 1800లో నగర పరిపాలనను చేజిక్కించుకొన్న తరువాత ఈ సూత్రానికి ప్రభుత్వబలం కూడ తోడైనది. ఆ బయానాను కాదని, తన పనిని తానే తన పూచీమీద చేసి, తన వెల తానే చెప్పగలిగిన పనివాడు ఎవడు? అతడు ఎట్లు బ్రతికినాడు? ఛాయాచిత్రకారుని కథలోనికి పోవడానికి ఈ ప్రశ్నయే తలుపు. కాని సూరతులో ఆ తలుపును మొదట తట్టినవాడు ఛాయాచిత్రకారుడు కాదు, కవి.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే, గుజరాతీలు ప్రేమతో పిలుచుకొనే నర్మద్, 1833 ఆగష్టు 24న సూరతులో పుట్టినారు. బొంబాయిలో ఉపాధ్యాయ ఉద్యోగం చేయుచుండిన ఆయన 1858 నవంబరు 23న దానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చి, కలం ఎదుట కంటతడి పెట్టి, ఇకమీదట తాను దాని ఒడిలో ఉన్నవాడనని చెప్పుకొన్నారు. గుజరాతీ సాహిత్యచరిత్రలో ఇది ఎల్లరికిని తెలిసిన ఘట్టం. దానిని భక్తితో తలచుకొనేవారు ఎందరో ఉన్నారు. లెక్కల పుస్తకంగా చదివినవారు కొద్దిమంది.

లెక్కగా చదివితే కనబడేది ఇది. ఆనాడు గుజరాతీ పుస్తకానికి స్థిరమైన బజారు లేదు. కవి తన గ్రంథాన్ని తానే అచ్చు వేయించవలెను. చందాదారులను తానే పోగుచేయవలెను. కాగితానికి, కూర్పుకు, బైండుకు సొమ్ము ముందే పెట్టవలెను. 1861-65 ప్రాంతంలో అమెరికా అంతర్యుద్ధం వలన పత్తికి వెల పెరిగి బొంబాయిలో డబ్బు వరదలెత్తినది. కవికి చేయూత ఇచ్చే ధనికులు కనబడినారు. 1864లో నర్మద్ ‘దాండియో’ అనే పత్రికను మొదలుపెట్టినారు. 1865లో వాటాల వ్యాపారం కూలినప్పుడు ఆ ధనికులలో అనేకులు కూలినారు. నర్మద్ నిఘంటువు పని మాత్రం మానలేదు. ఒక భాషకు మొట్టమొదటి సమగ్రనిఘంటువును ఒంటరిగా, ఒకే సంసారపు ఖర్చుమీద తయారుచేసి, 1873లో ‘నర్మకోశ్’గా పూర్తిచేసినారు. దాని అమ్మకం ఆ శ్రమను తీర్చలేదు. అప్పులు మిగిలినవి. 1882లో, ఇరువది నాలుగేండ్ల వ్రతం తరువాత, ఆయన బొంబాయిలో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో ఉద్యోగం ఒప్పుకొన్నారు. 1886లో మరణించినారు.

ఈ ఓటమిని కవుల లోకజ్ఞానం లేమికి ఉదాహరణగా చెప్పడం సులభం. అది సరియైన తీర్పు కాదు. నర్మద్ పుస్తకపు వెల కాగితానికిని అచ్చుకును సరిపోయినది. ఆ పుస్తకం వ్రాయడానికి పట్టిన సంవత్సరాలకు అందులో చోటు లేకపోయినది. ఆ మిగులుభారాన్ని ఎవరో ఒకరు మోయవలెను. నర్మద్ విషయంలో మోసినవారు అప్పులవాండ్లు, ఇంటివారు. స్వతంత్రవృత్తి చేసేవాని పనికి వెల తక్కువగా కనబడినప్పుడెల్ల అడగదగిన ప్రశ్న ఇదే: మిగిలినదానిని ఎవరు చెల్లించుచున్నారు?

నర్మద్ కలం పట్టిన ఆ దశాబ్దంలోనే కెమెరా కూడ పశ్చిమభారతానికి వచ్చి పాతుకొన్నది. ఛాయాచిత్రవిద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడియైనది. 1854లో బొంబాయిలో ఛాయాచిత్రకారుల సంఘం ఏర్పడినది. హర్రిచంద్ చింతామణి, నారాయణ్ దాజీ మొదలైన భారతీయులు ఆ కాలంలోనే అక్కడ ఈ విద్యలో పేరు తెచ్చుకొన్నారు.

ఈ విద్య పుట్టుకలోనే వెలను గూర్చిన తగవు ఉన్నది. ఇంగ్లండులో టాల్‌బట్ తన పద్ధతికి 1841లో పేటెంటు తీసికొని, వాడుకొనేవారినుండి రుసుము రాబట్టినాడు. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో తడిప్లేటు పద్ధతిని ప్రకటించి, పేటెంటు లేకుండ అందరికిని వదిలివేసినాడు. ఇంచుమించు ముప్పది సంవత్సరాలు లోకంలోని స్టూడియోలన్నియు ఆర్చర్ పద్ధతితోనే డబ్బు గడించినవి. ఆర్చర్ 1857లో పేదవాడై చనిపోయినాడు. అతని కుటుంబం కొరకు చందాలు వసూలు చేయవలసి వచ్చినది.

తడిప్లేటు అంటే ఏమో తెలిస్తే తప్ప ఆనాటి ఛాయాచిత్రపు వెల అర్థం కాదు. గాజుపలకమీద జిగురు ద్రావణం పూసి, వెండి ఉప్పులో ముంచి, అది ఆరకముందే, అనగా పది పదిహేను నిమిషాలలో, చిత్రం తీసి కడగవలెను. కోటను తీయవలెనంటే కోటవద్దకు గుడారం, మందుసీసాలు, నీళ్లు, గాజుపలకల పెట్టె, వాటిని మోసే కూలీలు అందరును పోవలెను. ఒక పలక పగిలితే ఆ దినం పోయినట్లే. చిత్రం అమ్ముడుపోయినది ఒక్కటి; దాని వెనుక చెడిపోయినవి ఎన్నో. కొనేవాని చేతికి వచ్చేది ఒక కాగితం. ఆ కాగితం పలుచనిది కాబట్టి వెల కూడ పలుచగా ఉండవలెనని అతనికి తోచడం సహజం.

వెలను తగ్గించినది దయ కాదు, ఉపాయం. ఫ్రెంచివాడైన దిస్దేరి 1854లో ఒకే పలకమీద ఎనిమిది చిన్నచిత్రాలు పడే విధానానికి పేటెంటు తీసికొన్నాడు. ఒక పలక ఖర్చు ఎనిమిదింటికి పంచబడినది. రాజులకే పరిమితమైన ప్రతిమ గుమాస్తాకు కూడ అందినది. అప్పటినుండి స్టూడియో వ్యాపారానికి ఒక రహస్యం దొరికినది. తీయడం ఒక వెల, ప్రతులు మరొక వెల. నెగెటివ్ స్టూడియోవద్దనే ఉంటుంది. మరల కావలసినవాడు మరల రావలెను.

ఆ రహస్యాన్ని ఒక భారతీయుడు ఎంత పెద్దగా వాడుకొన్నాడో చూడడానికి తెలుగు పాఠకుడు దూరం పోనక్కరలేదు, సికింద్రాబాదు చాలును. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టినారు. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖలో పటాలు గీసే ఉద్యోగం చేసినారు. కెమెరా మొదట ఆయనకు తీరికవేళల పని. సర్ హెన్రీ డేలీ ప్రోత్సాహం వలన, తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట చేసిన పర్యటనల వలన మధ్యభారతపు కట్టడాలు ఆయన పలకలమీదికి ఎక్కినవి. ఆయన ఉద్యోగాన్ని ఒక్క దెబ్బతో వదలలేదు. సెలవు పెట్టి బజారును చూచి, నిలుస్తుందని తేలిన తరువాత విరమణ తీసికొన్నారు. నర్మద్ రాజీనామాకు ప్రక్కన ఈ సెలవుచీటీని పెట్టి చూడదగును. ఒకటి కవిత్వం, రెండవది గణితం.

1886 నాటికి సికింద్రాబాదులో స్టూడియో వెలిసినది. 1892లో పరదాస్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో వచ్చినది. అక్కడ తీసేవారు కూడ స్త్రీలే. 1896లో బొంబాయిలో శాఖ పెట్టినారు. 6వ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదం ఇచ్చినారు. 1897లో విక్టోరియా రాణినుండి అధికారపత్రం కూడ వచ్చినది. నెగెటివులకు సంఖ్యలు వేసి, చిట్టాలు వ్రాసి, భద్రపరచడం ఆ సంస్థ ఆచారం. కంటోన్మెంటు అధికారి తన చిత్రానికి మరొక ప్రతి కావలెనంటే సంఖ్య చెబితే చాలును. ఆయన పోయిన ఎనుబది నాలుగేండ్లకు, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివులను కొనగలిగినదంటే దానికి మూలం ఆ చిట్టాబుద్ధియే.

ఐనను దీన్‌దయాళ్ వెలను స్వతంత్రుని వెల అనవచ్చునా? అంగడిలో నగదు ఇచ్చే సైనికాధికారి ఒక ప్రక్క, కొలువులో బిరుదులిచ్చే ప్రభువు ఒక ప్రక్క. వ్యాపారం ఈ రెండు కాళ్లమీద నడిచినది. ప్రభువువద్ద వెల అడగడం మర్యాద కాదు, ఇచ్చినది పుచ్చుకొనవలెను. అటువంటి పోషణ ఉన్నన్నాళ్లు మిగులుభారం కనబడదు. 1904లో బొంబాయి శాఖను చూచుకొనుచుండిన కుమారుడు ధరమ్‌చంద్ చనిపోయినాడు. 1905లో దీన్‌దయాళ్ కూడ పోయినారు. అంతటి పెద్ద సంస్థ ఆ తరువాత మునుపటి వైభవాన్ని అందుకోలేకపోయినది.

కొలువులు తగ్గి పత్రికలు పెరిగిన కాలంలో ఛాయాచిత్రానికి మూడవ యజమాని పుట్టినాడు: సంపాదకుడు. ఇక్కడ కథ మరల సూరతు ప్రాంతానికి వస్తున్నది. సూరతుకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న నవసారి పార్సీల పాతస్థావరం. అది నాడు బరోడా సంస్థానంలోనిది. అక్కడ 1913 డిసెంబరు 9న హోమాయి పుట్టినారు. తండ్రి ఉర్దూ–పార్సీ నాటక సమాజంలో నటుడు. ఇంటి సామాను ఎప్పుడును మూటలోనే. బొంబాయిలో చదువు, జె.జె. కళాశాలలో చిత్రకళ. మానెక్‌షా వ్యారావాలా అనే యువకుడు ఆమెకు కెమెరా నేర్పినారు. తరువాత భర్త అయినారు.

1930ల చివర బొంబాయి స్త్రీల విహారయాత్రను తీసిన ఆమె చిత్రాలను ‘బాంబే క్రానికల్’ అచ్చువేసినది. ప్రతిఫలం చిత్రానికి ఒక రూపాయి.

ఈ ఒక్క రూపాయి చాల పేరుపొందినది. ఆమెను గూర్చి వ్రాసినవారందరును దానిని తలచినారు, ఎక్కువగా చిరునవ్వుతో. కాని దానిని కొంతసేపు చేతిలో పట్టుకొని చూడవలెను. ఆ రూపాయి అచ్చయిన చిత్రానికి. అచ్చుకానిదానికి ఏమియు లేదు. ఫిల్ము ఆమెది, కడిగే మందులు ఆమెవి, చీకటిగదిలో రాత్రి ఆమెది. ఎంపిక మాత్రం సంపాదకునిది. మగ్గానికి కూలి లేక, నేసిన బట్టలో వర్తకుడు మెచ్చిన గజానికే డబ్బు వచ్చే నేతగాని స్థితికి ఇది దూరం కాదు. పైగా నేతగానికి బయానా అయినను ఉండినది.

రెండవ సంగతి పేరు. ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’లో ఆమె తొలిచిత్రాలు భర్త పేరుతో వెలువడినవి. ఆమె ఎవరో ఎవరికిని తెలియదు, స్త్రీ కూడాను. మానెక్‌షా పేరుకు అప్పటికే విలువ ఉన్నది. పత్రికాలోకంలో పేరు కూడ వెలలో భాగమే. పేరు లేని చిత్రానికి రేపటి బేరం లేదు. కాబట్టి ఆనాడు ఆమె రెండుమార్లు నష్టపోయినారని చెప్పవలెను. ఇల్లు ఒకటే కాబట్టి ఆ నష్టం ఎవరికిని నష్టంగా తోచి ఉండదు.

1942లో దంపతులు ఢిల్లీకి పోయినారు. బ్రిటిష్ సమాచార సంస్థలో ఉద్యోగం. బయటిపనులు కూడ చేసికొనవచ్చునని అనుమతి దొరికినది. ఆమె వృత్తిలో మలుపు ఇదే. నెలజీతం ఇంటిని నిలబెట్టినది; జీతం పైన స్వతంత్రంగా తీసిన చిత్రాలు చరిత్రను నిలబెట్టినవి. 1947 జూన్‌లో దేశవిభజనకు నాయకులు చేతులెత్తి సమ్మతించిన సమావేశం, మౌంట్‌బాటన్ వీడ్కోలు, గాంధీజీ అంతిమయాత్ర, పావురాన్ని ఎగురవేసే నెహ్రూ, 1956లో భారతదేశానికి వచ్చిన దలైలామా, ఇవన్నియు ఆమె కెమెరాలో పడినవే. చీరకట్టుతో, బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసికొని, సైకిలుమీద ఢిల్లీ తిరిగిన స్త్రీ ఆమె. ఆ రోజుల మెరుపుబల్బు ఒక్కసారి వెలిగి చచ్చిపోయేది. మీట నొక్కిన ప్రతిసారి ఒక ఫిల్ము, ఒక బల్బు ఖర్చు. అందువలన ఆమె పది తీసి ఒకటి ఏరుకొనే మనిషి కాలేదు. వేచియుండి ఒకటి తీసే మనిషి అయినారు. ఆ చిత్రాలలో కనబడే నిబ్బరానికి సౌందర్యదృష్టి ఎంత కారణమో, బల్బు వెల కూడ అంత కారణమై ఉండును.

ఇదే కాలంలో, సూరతు జిల్లాలోనే, మరొక ఏర్పాటు కనబడుతుంది. 1938 ఫిబ్రవరిలో తాపీ ఒడ్డున హరిపురాలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినది. ఆ సంవత్సరాలలో గాంధీజీని ఛాయాచిత్రాలలో బంధించుచుండిన యువకుడు ఆయనకు వరుసకు అన్నగారి మనుమడైన కనూ గాంధీ. గాంధీజీ మూడు షరతులు పెట్టినారు: మెరుపు వెలిగించరాదు, నిలబడుమని కూర్చుండుమని అడుగరాదు, ఆశ్రమం ఒక్క కాసు ఇవ్వదు. కెమెరాకు, ఫిల్ముకు ఘనశ్యాందాస్ బిర్లా 100 రూపాయలు ఇచ్చినారు. మొదటి రెండు షరతులను గూర్చి కళావిమర్శకులు చాల వ్రాసినారు. మూడవది వృత్తికి సంబంధించినది కాబట్టి దానిమీద ఎవరికిని శ్రద్ధ పోలేదు. ప్రజాధనం తన చిత్రాలకు ఖర్చు కారాదని గాంధీజీ నియమం న్యాయమైనదే. కాని ఆ చిత్రాలు ఊరికే రాలేదు. నూరు రూపాయలు ఒక మిల్లు యజమాని చెల్లించినారు.

కవికి అప్పు, దీన్‌దయాళ్‌కు కొలువు, కనూకు దాత, హోమాయికి నెలజీతం. స్వతంత్రంగా చేసిన పని అని మనము మెచ్చుకొనే ప్రతిదాని క్రింద ఒక ఆనిక ఉన్నది. ఆనిక ఉండడం తప్పు కాదు. ఐతే ఆనికను చూచుకొని చెప్పిన వెలయే బజారు వెలగా స్థిరపడిపోతే, ఆనిక లేక కేవలం కెమెరా నమ్ముకొన్నవానికి ఆ వెల గొంతుమీది కత్తి అవుతుంది. తండ్రి అంగడి ఉన్న కుర్రవాడు సరదాకొరకు సగం వెలకు పెండ్లి తీస్తే, ఆ ఊరిలో తక్కిన పెండ్లిండ్ల వెలలన్నియు దిగిపోతాయి. ఇందులో ఆ కుర్రవాని దురుద్దేశం ఏమియు లేదు.

హోమాయి 1970లో కెమెరా దించినారు. అంతకు ముందటి సంవత్సరం భర్త పోయినారు. కొత్తగా వచ్చిన పత్రికా ఛాయాచిత్రకారుల నడవడి కూడ ఆమెకు నచ్చలేదు. తరువాతి జీవితం వడోదరాలో ఒంటరిగా గడిచినది. ఆమె పనిమీద సమగ్రగ్రంథం 2006లో వెలువడినది. పద్మవిభూషణ్ 2011లో వచ్చినది. 2012 జనవరి 15న ఆమె మరణించినారు. ఒక రూపాయితో మొదలైన చిత్రాల విలువ దేశానికి తెలియడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టినది. ఇటువంటి ఆలస్యపు విలువలో తీసినవారికి భాగం ఉండవలెనా అన్నది న్యాయశాస్త్రం ఎదుర్కొన్న ప్రశ్న.

ఆ శాస్త్రం త్రోవ వంకర. ఇంగ్లండులో 1911లో పుట్టి 1914లో భారతదేశానికి వచ్చిన కాపీరైటు చట్టం ఛాయాచిత్రానికి కర్త ఎవరన్న ప్రశ్నకు, తీసినవాడు అని చెప్పలేదు. తీసిన సమయంలో నెగెటివ్ ఎవరిదో వారే కర్త అన్నది. స్వతంత్ర భారతపు 1957 చట్టం తీసినవారినే కర్తగా గుర్తించినది. ఐతే దాని 17వ విభాగంలో ఒక మెలిక ఉన్నది. ప్రతిఫలం ఇచ్చి ఎవరైనను చిత్రం తీయించుకొంటే, వేరే ఒడంబడిక లేనప్పుడు, హక్కుకు తొలి యజమాని తీయించుకొన్నవారే. పత్రికలో జీతానికి పనిచేసేవాని చిత్రంమీద పత్రికా ప్రచురణకు సంబంధించిన హక్కు పత్రిక యజమానిది. ఎవరును పురమాయించకుండ తన పూచీమీద తీసిన చిత్రం మాత్రమే పూర్తిగా తీసినవానిది. హక్కు ఎంతకాలం అన్న దానిలో కూడ ఛాయాచిత్రం చాలకాలం చిన్నచూపు చూడబడినది. రచయితకు జీవితకాలమును, ఆపైన కొన్ని దశాబ్దాలును ఇచ్చిన చట్టం, ఛాయాచిత్రానికి ప్రచురణనుండి మాత్రమే సంవత్సరాలు లెక్కించినది. 2012 సవరణ ఆ భేదాన్ని తొలగించి ఛాయాచిత్రకారునికి కూడ జీవితకాలము, ఆపైన 60 సంవత్సరాలు ఇచ్చినది. హోమాయి పోయిన సంవత్సరమే అది.

నేటి సూరతులో ఈ చరిత్ర అంతయు ఒకే వీథిలో కనబడుతుంది. రింగురోడ్డు బట్టల మార్కెట్లలో నిత్యము వేలకొలది కొత్తరకాల చీరలు దిగుతాయి. దూరపు వర్తకుడు చీరను తాకి చూడడు. బొమ్మ చూచి పురమాయిస్తాడు. కాబట్టి ప్రతి చీరకు బొమ్మ కావలెను. ఆ బొమ్మలు తీసేవారికి కూలి తరచు పీసుకు ఇంత అని. వెనుకవీథులలో ఆ చీర నేసిన మరమగ్గపు పనివానికి కూలి మీటరుకు ఇంత. అతడు ఒరిస్సావాడు కావచ్చును, కరీంనగరమో వరంగల్లో నుండి వచ్చిన పద్మశాలి కావచ్చును. లింబాయత్ ప్రాంతంలో తెలుగువారు ఎందరో స్థిరపడినారు. సూరతు నగరపాలక సంస్థ వారి పిల్లలకు తెలుగు బడులు కూడ నడిపినది. మీటరు కూలి వలెనే పీసు కూలి కూడ మగ్గం ఆగిన దినాన్ని లెక్కలోనికి తీసికొనదు.

ఆగిన దినాలు ఎన్ని? పెండ్లిండ్లు తీసేవాని విషయంలో దీనికి పంచాంగమే జవాబు. గుజరాతులో ఆషాఢ శుద్ధ ఏకాదశినుండి కార్తిక శుద్ధ ఏకాదశివరకు చాతుర్మాస్యం, పెండ్లిండ్లు లేవు. ధనుర్మాసాన్ని అక్కడివారు కమూర్తా అంటారు, అప్పుడును లేవు. తెలుగునాట ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురుశుక్ర మూఢాలు వేరు. ఛాయాచిత్రకారుని ఇంటి అద్దెకు మూఢం లేదు.

ఊహకొరకు ఒక లెక్క వేయవచ్చును. ఒక ఛాయాచిత్రకారుని కెమెరాలు, కటకాలు, కంప్యూటరు కలిసి 6 లక్షల రూపాయలవి, నాలుగేండ్లు పనిచేసేవి అనుకొందాము, ఏటికి 1,50,000. గది అద్దె 1,20,000. మరమ్మతులు, ప్రయాణాలు, బీమా 80,000. ఇల్లు గడవడానికి నెలకు 40,000 వంతున 4,80,000. మొత్తం 8,30,000. దీనిని 365 దినాలకు పంచితే దినానికి సుమారు 2,274 రూపాయలు; పెండ్లివారి మనసులో ఉండే వెల ఇంచుమించు ఇటువంటిదే, ఎందుకంటే వారి కంటికి కనబడేది ఒక్క దినమే. కాని ఏటికి పని దొరికేది 60 దినాలే అయితే దినానికి 13,833 రూపాయలు పడుతుంది. ఇందులో లాభం లేదు, సహాయకుని కూలి లేదు. తీసిన ప్రతి దినం వెనుక చిత్రాలను ఏరి, దిద్ది, ఆల్బముగా కూర్చే రెండు మూడు దినాలు ఉన్నవి. అవి కూడ ఈ అంకెలోనే ఇమడవలెను. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరమే ప్రతి బేరంలోను తగవుగా మారుతుంది. పెండ్లికూతురు తండ్రి మోసగాడు కాడు, ఛాయాచిత్రకారుడు దురాశాపరుడు కాడు; ఒకరు 365తో, ఒకరు 60తో భాగిస్తున్నారు.

ఈ లెక్కను కాగితంమీద వ్రాసి ముందుగా చూపేవారు కొందరు ఉన్నారు. ఎన్ని గంటలు, ఎన్ని చిత్రాలు, ఎన్ని దినాలలో, బయానా ఎంత, పని రద్దయితే ఎంత తిరిగి ఇవ్వబడును, చిత్రాలను ఎక్కడెక్కడ వాడుకొనవచ్చును, అన్నియు అందులో ఉంటాయి. వారి వెల ఎక్కువగా కనబడుతుంది. తగవులు తక్కువగా ఉంటాయి. బయానా కూడ ఇక్కడ తన పాతస్వభావం మార్చుకొన్నది. నేతగానికి అది వెలను కట్టివేసిన త్రాడు. ఛాయాచిత్రకారునికి అది ఆ దినాన్ని మరొకరికి అమ్ముకోకుండ ఆపిపెట్టినందుకు వచ్చే సొమ్ము.

చీరల బొమ్మలలో ఇంత వ్రాత లేదు. మూట వచ్చుచుండగానే పని మొదలవుతుంది. పీసుకు ఎంత అన్నది నోటిమాట. ఆ బొమ్మ సూరతులో పుట్టి, అదే దినం పాట్నా, విజయవాడ, కొలంబో అంగళ్ల ఫోనులలోనికి పోతుంది. ఇతర వర్తకులు దానిని తీసికొని తమ సరకుకు అతికించుకొంటారు. అది ఎవరిది అని అడిగితే చట్టం జవాబు చెప్పగలదు: వేరే ఒడంబడిక లేదు కాబట్టి తీయించిన అంగడివానిది. తీసినవానికి ఆ పీసు కూలితో లెక్క ముగిసినది. మరునాటికి మరొక మూట విప్పబడుతుంది.